పోసే బేరింగు

పోయిన వేసవిలో ప్రొద్దుటూరు వెళ్ళినప్పటి సంగతి. మా చిన్నాన్నది ఒకప్పుడు చిన్న కట్టెకోత మిల్లు. అది మూతబడి చాలా ఏళ్ళయింది. షెడ్డులో మిగిలిందల్లా ఒక పాత చిత్రిక మిషను, అంటే చెక్కను నున్నగా గీసే ప్లేనరు. మొత్తం పోత ఇనుము, పదిమంది పట్టినా కదలదు. మా తమ్ముడు (చిన్నాన్న కొడుకు) దాన్ని పాతినుము వాళ్ళకి తూకానికి బేరం పెట్టేశాడు. "ఒక్క వారం ఆగరా" అన్నా. ఎందుకన్నానో నాకూ సరిగ్గా తెలీదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ మిషను కింద రాలిన పొట్టు పోగేసి ఆడుకున్న గుర్తు తప్ప వేరే కారణం లేదు.

తీరా చూస్తే దాంట్లో విరిగిందంటూ ఏమీ లేదు. బ్లేడ్లు బిగించే ఇరుసు చేత్తో ఎత్తితే టకటకమని ఊగుతోంది, అంతే. బేరింగులు పోయాయన్నమాట. ఇంతేనా, మార్చేస్తే సరిపోతుంది అనుకుని బజారుకెళ్ళా. ప్రతి షాపులోనూ ఒకటే ప్రశ్న: "నంబరెంత?" బేరింగంటే 6205, 6308 అని నంబరు చెప్తే డబ్బా తీసి చేతిలో పెట్టే సరుకు కదా మరి. మా మిషను మీద ఎక్కడ వెతికినా నంబరు లేదు. బేరింగు ఉండాల్సిన చోట గుండ్లూ లేవు. ఇనప దిమ్మలో వెండిరంగు లోహం ఏదో అరిగిపోయి, నూనె మడ్డి పట్టి కనిపిస్తోంది. మేకుతో గీస్తే సబ్బుబిళ్ళ మీద గీసినట్టు గీత పడింది.

మూడో షాపులో పెద్దాయన నా ఫోనులో ఫోటో చూసి నవ్వాడు. "అది కొనే బేరింగు కాదబ్బీ, పోసే బేరింగు. వైటు మెటలు. ఇప్పుడు పోసేటోళ్ళు యాడుండారు? జమ్మలమడుగులో ఒక మేస్త్రి ఉండాల. ఉంటే ఆయప్పే."

ఆ "ఉంటే" అన్న మాటే ఈ టపాకి కారణం.

ముందు ఈ వైటు మెటలు ఏంటో చెప్పుకుందాం. ఇంజనీరింగు పుస్తకాల్లో దీని పేరు బాబిట్ మెటల్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, టాంటన్ ఊరివాడు ఐజాక్ బాబిట్ (1799-1862) పేరు అది. ఆయన చిన్నప్పుడు నేర్చుకున్న వృత్తి కంసాలి పని. బంగారం అంగళ్ళ ఊరివాణ్ణి కాబట్టి ఈ ముక్క చదివినప్పుడు నాకు కొంచెం సంతోషమేసింది :) 1839లో ఆయన దీనిమీద పేటెంటు తీసుకున్నాడు, తర్వాత అమెరికా కాంగ్రెసు 20,000 డాలర్లు కూడా ఇచ్చింది. ఉపాయం చాలా చిన్నది. గట్టి లోహపు పెట్టె లోపల మెత్తటి లోహం పోసి, ఇరుసుని దానిమీద తిప్పడం. ఇప్పటి మేలురకం పాళ్ళు సుమారుగా తగరం 89, యాంటిమొనీ 7, రాగి 4. మన అమ్మమ్మల కాలంలో ఇత్తడి గిన్నెలకి కళాయి పోసింది ఈ తగరంతోనే. ఖరీదు తగ్గాలంటే తగరం తగ్గించి సీసం కలుపుతారు.

ఇనుము తిరిగే చోట మెత్తటి లోహం ఏంటని నాకూ అనుమానం వచ్చింది. కిటుకంతా అక్కడే ఉంది. ఈ మిశ్రమం చల్లారేటప్పుడు యాంటిమొనీ, రాగి తగరంతో కలిసి చిన్నచిన్న గట్టి స్ఫటికాలు కడతాయి. చుట్టూ ఉన్న తగరం మెత్తగానే ఉంటుంది. గట్టి స్ఫటికాలు బరువు మోస్తాయి, మెత్తటి భాగం రవ్వంత అరిగి అక్కడ నూనె నిలుస్తుంది. ఇసుక రేణువో రంపపు పొట్టో పడితే దాన్ని తనలోకి దిగబెట్టుకుంటుంది తప్ప ఇరుసుని గీరనివ్వదు. నూనె పోయడం మర్చిపోయారనుకోండి, బేరింగే ముందు కరిగిపోతుంది, ఇరుసు బతుకుతుంది. ఇరుసు చెయ్యడానికి నెలలు పడుతుంది, బేరింగు పొయ్యడానికి ఒక పూట చాలు. ఇంట్లో ఫ్యూజు ఎందుకు పెట్టుకుంటామో దీన్నీ అందుకే పెట్టుకున్నారు. పోవాల్సిందేదో ముందే నిర్ణయించి, అది పోయినప్పుడు అక్కడికక్కడే బాగుచేసుకునేలా కట్టిన మిషన్లవి.

మేస్త్రి ఉన్నాడు. డెబ్భై దాటాయి. జమ్మలమడుగులో ఆయన ఇంటికెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ చుట్టుపక్కలంతా నాపరాయి పాలిషు చేసే షెడ్లు, గాల్లో సన్నటి రాతిపొడి. "ఈ పొడికి బాలుబేరింగులు పోతాండాయి, మావి యాడికీ పోవు" అన్నాడు మొదటి మాటగానే. నేను మామా అని పిలిచా, ఆయన అల్లుడా అన్నాడు, అక్కడితో పని సగం అయిపోయింది.

ఆయన పన్నెండో ఏట ప్రొద్దుటూరులో ఒక జిన్నింగు మిల్లులో నూనె పోసే పిల్లోడిగా చేరాడట. ఇక్కడ కొంచెం ఊరి చరిత్ర చెప్పుకోవాలి. ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి. పత్తి, వేరుశనగ. అందుకే ఊళ్ళో పత్తి జిన్నింగు, వేరుశనగ నూనె మిల్లులు లేచాయి. అప్పట్లో మిషనుకో మోటారు ఉండేది కాదు. మిల్లుకంతా ఒకటే ఇంజను. పైన దూలాల కింద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక పొడుగాటి ఇనప కడ్డీ, దాన్ని లైన్ షాఫ్టు అంటారు. దానిమీద చక్రాలు, చక్రాల నుంచి ఒక్కో మిషనుకి తోలు పట్టా. ఆ షాఫ్టుని కొన్నేసి అడుగులకొకటి చొప్పున మోసేవి ఈ పోసిన బేరింగులే. కట్టెకోత మిల్లులూ అంతే.

ఇప్పుడు నల్లరేగడి సంగతి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్ళిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దానిమీద కట్టిన గోడలు ఏడాదికి రెండుసార్లు కదుల్తాయి. గోడ కదిలితే షాఫ్టు వంకరవుతుంది, వంకరైతే బేరింగు కాగుతుంది. సరిగ్గా ఇదే బాధ స్వీడన్లో గోథెన్‌బర్గ్‌లో ఒక బట్టల మిల్లు మెయింటెనెన్సు ఇంజనీరుకీ వచ్చింది. ఆ ఊరు కూడా బంకనేలే. ఆయన పేరు స్వెన్ వింగ్‌క్విస్ట్. విసిగిపోయి 1907లో, షాఫ్టు కాస్త వంగినా దానంతటదే సర్దుకునే రెండు వరసల బాల్ బేరింగు కనిపెట్టాడు. ఆ ఏడే ఎస్‌కెఎఫ్ కంపెనీ పుట్టింది. ఇవాళ ప్రపంచమంతా నంబరు చెప్పి కొనే బేరింగుల వెనక ఇలాంటి కథ ఒకటుంది. మన దేశంలో 1946లో జైపూర్‌లో నేషనల్ ఇంజనీరింగ్ ఇండస్ట్రీస్ పెట్టారు, ఎన్‌బిసి బేరింగులు వీళ్ళవే.

అదే సమస్యకి ప్రొద్దుటూరు మేస్త్రీల జవాబు వేరు. గోడ ఎంత వంకరన్నా ఉండనీ. ముందు షాఫ్టుని మట్టం చూసి, దారం లాగి తిన్నగా నిలబెడతారు. తర్వాత ఇనప దిమ్మకీ షాఫ్టుకీ మధ్య సందులో లోహం పోస్తారు. దిమ్మ వంకరగా ఉన్నా లోహం షాఫ్టు ఆకారమే తీసుకుంటుంది. అంటే వంకరనంతా పోత మింగేస్తుందన్నమాట. అందుకే ఆ బేరింగుకి నంబరు ఉండదు. ఆ మిషనుకి, ఆ గోడకి, ఆ ఏడాదికి మాత్రమే సరిపోయే వస్తువది. స్వీడన్ ఇంజనీరు తెలివిని వస్తువులో పెట్టి డబ్బాలో అమ్మాడు. మన దగ్గర తెలివి మేస్త్రి చేతిలో ఉండిపోయింది. మొదటిది ఎక్కడికైనా పోతుంది. రెండోది మేస్త్రితోనే పోతుంది.

మెటలు కోసం పులివెందుల వెళ్ళాల్సొచ్చింది. అక్కడ ఇంజన్లు బాగుచేసే ఒకాయన దగ్గర మేలురకం దిమ్మెలు కొన్ని మిగిలాయని మేస్త్రి చెప్పాడు. జమ్మలమడుగు నుంచి పులివెందులకి ముద్దనూరు మీదుగా దారి. ముద్దనూరు దగ్గరికొచ్చేసరికి ఆర్‌టిపిపి పొగగొట్టాలు కనిపించాయి. "ఈ విద్య పనైపోయిందిలే మామా" అని నేనేదో సానుభూతిగా అన్నాను. ఆయన ఆ పొగగొట్టాల వైపు చెయ్యి చూపించి, "ఆడ తిరిగేది దేనిమింద అనుకున్నావ్?" అన్నాడు.

ఇంటికొచ్చి చదివితే ఆయన చెప్పింది నిజమే. 1994లో మొదటి 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలై 1650 మెగావాట్లకి ఎదిగిన కేంద్రమది. అలాంటి చోట పదుల టన్నుల టర్బైన్ రోటరు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. అంత బరువుకి, అంత వేగానికి, ఏళ్ళ తరబడి గుండ్ల బేరింగులు ఆగవు. పెద్ద టర్బైన్లు ఎక్కడైనా బాబిట్ పూసిన బేరింగుల మీదే తిరుగుతాయి. నేను ఈ టపా టైపు చేస్తున్న కంప్యూటరుకి వచ్చే కరెంటు కూడా ఆ మెత్తటి లోహం మీదుగా వచ్చిందే. పనైపోయింది ఆ లోహానిది కాదు, మన ఊళ్ళో దాన్ని పోసే మనిషిది.

పులివెందుల వైపు ఈ లోహం వచ్చింది మిల్లుల వల్ల కాదు, బావుల వల్ల. కపిల పోయి ఆయిలింజన్లు వచ్చిన రోజులవి. ఇంగ్లండులో 1930ల నాటి లిస్టర్ ఇంజను, 6 గుర్రాల శక్తి, నిమిషానికి 650 చుట్లు, దానికి రాజ్‌కోట్‌లో దశాబ్దాల పాటు నకళ్ళు తయారయ్యాయి. ఆ ఇంజన్లో పిస్టను కడ్డీ కింది చివర, క్రాంకుని పట్టుకునే చోట, ఉన్నది వైటు మెటలే. పంట మధ్యలో ఇంజను కొట్టడం మొదలుపెడితే రైతు బేరింగు కోసం మద్రాసు పోలేడు కదా. ఊళ్ళోనే పోసేవాడు ఉండాలి. కరెంటు మోటార్లొచ్చాక ఆ అవసరం తీరిపోయింది.

పులివెందులకి ఈ పనితో ఇంకో సంబంధం ఉంది, అది అంత మంచిది కాదు. బేరింగు పోసేటప్పుడు లోహం పక్కల నుంచి కారకుండా రెండు చివర్లా మూయాలి. పాతకాలంలో దానికి ఆస్‌బెస్టాస్ తాడు వాడేవాళ్ళు. ఆ ఖనిజం పులివెందుల ప్రాంతంలోనే, బ్రాహ్మణపల్లె దగ్గర దొరికేది. వేంపల్లె సున్నపురాళ్ళలోకి లావా చొచ్చుకొచ్చిన చోట తెల్లటి పీచులాగా ఏర్పడుతుంది. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో ఇప్పుడు అందరికీ తెలుసు. 1986లో కేంద్రం కొత్త గని లీజులివ్వడం ఆపింది, 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం మీద తీర్పిచ్చింది. "చేత్తో పీకి, నోటితో తడిపి చుట్టేటోళ్ళం" అన్నాడు మేస్త్రి మామూలుగా. ఆయన జతగాళ్ళలో ఇద్దరు దగ్గుతోనే పోయారట. అది ఆస్‌బెస్టాస్ వల్లో, సీసం పొగ వల్లో, బీడీల వల్లో ఎవరూ చూడలేదు. నూనె పోసే పిల్లోళ్ళు తిరుగుతున్న పట్టాల మధ్యకి ఎక్కి నూనె పోసేవాళ్ళు. ఆయన ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. కాబట్టి పాత రోజులే బాగుండేవని నేను రాయను. రోజూ నూనె అడగని బేరింగు వచ్చి చాలామంది వేళ్ళు కాపాడింది.

ఇక పోత. మా షెడ్డులో తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టాం (ప్రొద్దుటూరు మే నెల తెలిసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు). పాత లోహాన్ని బ్లోలాంపుతో కరిగించి తీసేశాం. ఇరుసుకి డీజిలు బుడ్డి మసి పట్టించాడు. మసి ఉంటే లోహం ఇరుసుకి అతుక్కోదు, వెంట్రుకవాసి సందు కూడా మిగుల్తుంది. పై సగానికీ కింది సగానికీ మధ్య అయిదు పల్చటి అట్టముక్కలు పెట్టాడు. దిమ్మనీ ఇరుసునీ వేడిచేసి, చివర్లు బంకమట్టితో మూశాం. కరిగిన లోహంలో చీపురుపుల్ల ముంచి తీశాడు. పుల్ల గోధుమరంగుకి మాడాలి, భగ్గుమనకూడదు. ఆయన థర్మామీటరు అదే. పుస్తకం లెక్క నాలుగొందల డిగ్రీలకి కాస్త అటూ ఇటూ.

మొదటిసారి పాడైంది. తప్పు నాదే. మట్టి పూర్తిగా ఆరలేదని ఆయనంటే, ఆరిందిలే మామా అని తొందరపెట్టా. లోహం తగలగానే తడి ఆవిరై చిటపటమని పైకి చిమ్మింది. అదృష్టం, చొక్కా మీద పడింది, కంట్లో పడలేదు. విప్పి చూస్తే బేరింగు నిండా బుడగల బొక్కలు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మళ్ళీ కరిగించాడు. మళ్ళీ చెయ్యగలగడమే కదా దీని గొప్పతనం, లోహం ఎక్కడికీ పోదు. రెండోసారి ఒక గంట మట్టిని సెగ చూపించి, ఆగకుండా ఒకే ధారగా పోశాడు. మధ్యలో ఆగితే ముందు పోసింది గడ్డకట్టి తర్వాతదానితో కలవదు.

తర్వాత రెండు రోజులు గీకుడు పని. ఇరుసుకి నీలిరంగు పూసి తిప్పితే ఎక్కడ తగుల్తుందో అక్కడ రంగు అంటుతుంది. ముక్కోణం ఆకురాయిని సానబట్టి చేసుకున్న పనిముట్టుతో ఆ మచ్చలు మాత్రమే గీకాలి. మళ్ళీ తిప్పాలి, మళ్ళీ గీకాలి. అంగుళం మందం ఇరుసుకి అంగుళంలో వెయ్యో వంతు సందు, ఇదీ లెక్క.

చివర్లో నూనె గాడి. నేను సుళువుగా ఉందని పట్టా లాగే వైపు గీత గీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "బరువు పడే పక్క కొయ్యగూడదు అల్లుడా. ఆడ నూనె పైకి మోస్తాది, కొస్తే ఆ బలం కారిపోతాది." ఇది విని నాకు ఒళ్ళు జలదరించింది. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, బరువు పడే చోట పైన ఒక కన్నం చేశాడు. నూనె అందులోంచి ఎగదన్నింది. చెక్క బిరడా కొట్టాడు, బిరడా కూడా పైకి లేచొచ్చింది. కొలిస్తే అక్కడి ఒత్తిడి బేరింగు మీద పడే సగటు బరువుకి రెండింతలుంది. నూనె ఊరికే జారుడుకోసం కాదు, ఇరుసుని ఎత్తి పట్టుకుంటుందని అప్పుడు తెలిసింది. 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ దానికి సమీకరణం రాశాడు. కాలేజీలో ఆ సమీకరణం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. గాడి తప్పు వైపు కొయ్యబోయిందీ నేనే.

పట్టా తగిలించి మిషను నడిపాం. అరగంట తర్వాత మేస్త్రి బేరింగు మీద అరచెయ్యి పెట్టి, నన్నూ పెట్టమన్నాడు. "పది లెక్కబెట్టు. చెయ్యి తియ్యాలనిపించిందంటే ఆపెయ్." పది దాకా లెక్కపెట్టాను. గోరువెచ్చగా ఉంది, అంతే. వేపచెక్క పలక ఒకటి పెడితే పొట్టు పూలరేకుల్లా లేచింది. తమ్ముడు పాతినుము వాళ్ళకి ఫోను చేసి వద్దన్నాడు. ఇప్పుడు దానిమీద తలుపు చెక్కలు గీస్తున్నాడు.

నేనివన్నీ ఫోనులో వీడియో తీశాను. బెంగళూరు వచ్చి చూసుకుంటే అర్థమైంది, పుల్ల రంగు వీడియోలో సరిగ్గా తెలీదు, గీకేటప్పుడు చేతికి తెలిసే పట్టు అసలే రాదు. డాక్యుమెంటేషన్ లేదని లెగసీ కోడుని తిట్టుకునేవాళ్ళం కదా మనం, ఇది డాక్యుమెంటేషన్‌కి లొంగని రకం. మేస్త్రి మనవడు కూడా మన లైన్లోనే ఉన్నాడు, హైదరాబాదులో. "వానికెందుకులే ఇది" అన్నాడు ఆయన, కోపం లేకుండా. నిజమే, రోజుకి ఒక బేరింగు కూడా రాని పనికి ఎవరైనా ఎందుకొస్తారు?

మొన్న తమ్ముడు ఫోను చేశాడు. ఇరుసు కొంచెం ఆడుతోందట. మేస్త్రి వచ్చి, పై సగం విప్పి, మధ్యలో పెట్టిన అయిదు అట్టల్లో ఒకటి తీసి మళ్ళీ బిగించాడు. అంతే, ఊగుడు పోయింది. బేరింగు అరుగుతుందని తెలుసు కాబట్టి, ఆ అరుగుదలని ముందే అట్టల రూపంలో లోపల దాచిపెట్టాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడట:

"ఇంగా నాలుగు అట్టలుండాయి. అవి అయిపోయేలోపల మీలో ఎవురన్నా నేర్చుకోండి."

వచ్చే సెలవులకి వెళ్ళి ఆ పుల్ల పట్టుకోవడం నేర్చుకుంటానని తమ్ముడితో చెప్పాను. వాడు నమ్మలేదు. మీ ఊళ్ళో ఏ షెడ్డులోనైనా ఇలాంటి నంబరు లేని మిషను ఉంటే, తూకానికి వేసేముందు ఒక్క వారం ఆగండి.